శ్రీధరన్ గారికి శాలువాలు కప్పాం, ఆయన ఉత్తరం పక్కన పడేశాం

2008 సెప్టెంబరులో ఢిల్లీ మెట్రో మేనేజింగ్ డైరెక్టర్ ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లువాలియాకి ఒక ఉత్తరం రాశారు. విషయం హైదరాబాద్ మెట్రో. ఆ ఏడాది జులైలోనే మేటాస్ అనే నిర్మాణ కంపెనీ నాయకత్వంలోని బృందం ఆ పనిని దక్కించుకుంది. మామూలుగా మెట్రో కట్టే కంపెనీ ప్రభుత్వం నుంచి గ్రాంటు అడుగుతుంది. వీళ్లు మాత్రం గ్రాంటు వద్దు, 35 ఏళ్లలో మేమే ప్రభుత్వానికి 30 వేల కోట్లకు పైగా ఇస్తాం అన్నారు. విన్నవాళ్లు మురిసిపోయారు. శ్రీధరన్‌కి మాత్రం అనుమానం వచ్చింది. 296 ఎకరాల ప్రభుత్వ భూమిని వ్యాపారం చేసుకోమని ఇవ్వడమంటే ఇంట్లో ఆస్తి అమ్ముకోవడమేనని రాశారు. రైలు మార్గాన్ని తన సొంత భూముల దాకా పొడిగించుకుని వాటి ధర పెంచుకోవడమే కంపెనీ అసలు ఉద్దేశంలా కనపడుతోందని, రేపు ఇది రాజకీయ కుంభకోణం అవుతుందని కూడా రాశారు.

అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? క్షమాపణ చెప్పమంది. చెప్పకపోతే పరువు నష్టం దావా వేస్తామంది.

2009 జనవరి 7న, తన కంపెనీ లెక్కలు తప్పుడువని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఒప్పుకోలు లేఖ బయటికొచ్చింది. మేటాస్ ఆ కుటుంబానిదే. కంపెనీ మెట్రోకి నిధులు కూడగట్టలేకపోయింది, జులైలో ఒప్పందం రద్దయింది. ఉత్తరానికీ లేఖకీ మధ్య గడిచింది నాలుగు నెలలు.

ఈ సంగతి ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో గానీ శ్రీధరన్ పేరు మాత్రం అందరికీ తెలుసు. మెట్రో మ్యాన్. ఆయన గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. నిజాయితీపరుడు, భగవద్గీత చదువుతాడు, యోగా చేస్తాడు, చెప్పిన రోజుకి పని ముగిస్తాడు. చివర్లో ‘ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే చాలు, దేశం బాగుపడుతుంది’ అని ఒక వాక్యం. ఆ చివరి వాక్యంతోనే నాకు పేచీ. అలాంటి ఇంజనీర్లు మనకి ఉన్నారు. ఇరిగేషన్‌లో, ఆర్ అండ్ బీలో, రైల్వేలో ఉన్నారు, వాళ్ల పక్కన నేను పనిచేశాను. శ్రీధరన్ చేతికి అందిన అధికారం వాళ్ల చేతికి అందలేదు, అంతే. ఆ అధికారం లేని చోట శ్రీధరన్ కూడా అందరిలాంటి ఆఫీసరుగానే మిగిలారు. ఇది నా ఊహ కాదు. ఆయన ఉద్యోగ జీవితాన్ని వరసగా చూస్తే కనపడుతుంది.

ఆయన 1932 జూన్ 12న పాలక్కాడ్ జిల్లాలో పుట్టారు. పాలక్కాడ్‌లో చదువుతున్నప్పుడు, తర్వాత ప్రధాన ఎన్నికల కమిషనర్ అయిన టి.ఎన్. శేషన్ ఆయన సహాధ్యాయి. ఇంజనీరింగ్‌కి మన కాకినాడ వచ్చారు. ఇప్పుడు జేఎన్‌టీయూ కాకినాడ అంటున్నది అప్పటికి మద్రాసు రాష్ట్రంలోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ. చాలా ఏళ్ల తర్వాత నేనూ అక్కడే సివిల్ చదివాను. ఆయన మా కాలేజీ అని చెప్పుకోవడం మాకు గొప్ప. ఇప్పటికీ గొప్పే. కాకపోతే, మావాడని చెప్పుకునే మనిషి అప్పటి మన రాజధాని గురించి ఒక హెచ్చరిక చేసినప్పుడు మనమంతా ఎందుకు ఊరుకున్నామన్న ప్రశ్న కూడా ఆ గొప్ప వెంటే వస్తుంది.

చదువయ్యాక కొన్నాళ్లు కోళికోడ్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పారు. బొంబాయి పోర్టు ట్రస్టులో శిక్షణ పొందారు. 1954 డిసెంబరులో దక్షిణ రైల్వేలో చేరారు.

పదేళ్ల తర్వాత పంబన్. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోడిని తుడిచిపెట్టేసింది. ధనుష్కోడి వెళ్తున్న ప్యాసింజరు రైలు ప్రయాణికులతో సహా సముద్రం పాలైంది. రామేశ్వరం ద్వీపాన్ని నేలతో కలిపే పంబన్ వంతెన 1914లో కట్టింది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, 145 స్పాన్లు. ఓడల కోసం పైకి లేచే మధ్య భాగం మిగిలింది గానీ, స్తంభాల మీద పరిచిన ఉక్కు దూలాలు, అంటే గర్డర్లు, 126 కొట్టుకుపోయాయి. బాగుచెయ్యడానికి రైల్వే పెట్టుకున్న గడువు ఆరు నెలలు. జనరల్ మేనేజరు దాన్ని మూడు నెలలకి కుదించి, 32 ఏళ్ల శ్రీధరన్‌ని బాధ్యుణ్ణి చేశారు. కొత్త గర్డర్లు చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఈలోగా పాత గర్డర్లు సముద్రం అడుగున ఫలానా చోట పడి ఉన్నాయని అక్కడి జాలర్లు చెప్పారు. వాటినే పైకి లాగి మళ్లీ స్తంభాల మీద కూర్చోబెట్టారు. 46 రోజుల్లో రైలు కదిలింది.

ఈ కథలో అందరూ 46 అన్న అంకె చెప్పుకుంటారు. నాకు జాలర్ల మాట ముఖ్యంగా తోస్తుంది. నీళ్లలో ఏముందో వాళ్లకి తెలుసు, డ్రాయింగుల్లో అది లేదు. సరే, వాళ్లు చెప్పారు. చెప్పినదాన్ని అక్కడికక్కడే నమ్మి, పథకం మార్చి, క్రేన్లు తెప్పించే అధికారం వినేవాడికి ఉండాలి కదా. ఇదే మాట ఈరోజు ఒక జాలరి ఒక అసిస్టెంట్ ఇంజనీరుకి చెబితే, ఆయన దాన్ని తన పై ఇంజనీరైన డీఈకి రాయాలి, డీఈ ఈఈకి, ఈఈ ఎస్ఈకి. సవరించిన ఎస్టిమేటు మళ్లీ అదే మెట్ల మీదుగా కిందికి దిగాలి. పంబన్‌లో ఆ మెట్లేవీ అడ్డు రాలేదు. పైవాడు గడువు చెప్పి, మనిషిని నమ్మి వదిలేశాడు.

ఇక కలకత్తా. దీని గురించి ఫార్వర్డుల్లో ఒక్క ముక్క ఉండదు. 1970లో దేశంలో మొట్టమొదటి మెట్రోకి ప్రణాళిక వేసే పని శ్రీధరన్‌కి అప్పగించారు. డిప్యూటీ చీఫ్ ఇంజనీరు హోదా. 1975 దాకా ఉన్నారు, తర్వాత వేరే పనికి పంపేశారు. 1972 డిసెంబరులో శంకుస్థాపన జరిగితే మొదటి 3.4 కిలోమీటర్లు నడిచేసరికి 1984 అక్టోబరు వచ్చింది. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా 16 కిలోమీటర్లకు పైగా ఉన్న లైను మొత్తం పూర్తయ్యేసరికి 1995. ఇది అక్కడి ఇంజనీర్ల చేతకానితనం అంటే నేను ఒప్పుకోను. అప్పటికి దేశంలో భూగర్భ రైలు కట్టిన అనుభవం ఎవరికీ లేదు. కిక్కిరిసిన ఊరు నడిబొడ్డున రోడ్లు తవ్వాలి. డబ్బు ఏటా బడ్జెట్లో ఎంత ఇస్తే అంతే. భూమి కోసం కోర్టుల చుట్టూ తిరగాలి. రైల్వేలో ఒక విభాగంగా ఆ పని నడిచింది తప్ప, దానికంటూ ఒక యజమాని లేడు.

మనిషి అదే శ్రీధరన్. తెలివి అదే, గీత అదే, పొద్దున లేచే అలవాటూ అదే. ఆయన వేసిన పథకం ఇరవై ఏళ్లు దేకింది. వ్యక్తి గొప్పతనమే అన్నిటికీ మూలమనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

మధ్యలో కొచ్చిన్ షిప్‌యార్డుకి అధిపతిగా వెళ్లారు. ఆ యార్డు మొదటి ఓడ ‘రాణి పద్మిని’ 1981లో నీళ్లలోకి దిగింది ఆయన హయాంలోనే. తర్వాత పశ్చిమ రైల్వే జనరల్ మేనేజరు, రైల్వే బోర్డులో ఇంజనీరింగ్ సభ్యుడు. 1990లో, 58 ఏళ్లకి, రిటైరయ్యారు. మన ఇళ్లల్లో అయితే ఆ వయసుకి మనవళ్లని బడి దగ్గర దించే పని చూసుకోమంటారు.

అప్పటి రైల్వే మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఆయన్ని కొంకణ్‌కి పిలిచారు. ముంబయి దగ్గర రోహా నుంచి మంగళూరు దాకా కొండలు, వాగులు, లోయల మధ్యగా 700 కిలోమీటర్లు దాటిన మార్గం. దీన్ని రైల్వేలో మరో విభాగం చెయ్యకుండా విడిగా కార్పొరేషన్ పెట్టారు. సగానికి కాస్త ఎక్కువ వాటా రైల్వేది, మిగతాది మహారాష్ట్ర, కర్ణాటక, గోవా, కేరళలది. బడ్జెట్ కోసం ఎదురుచూడకుండా బాండ్లు అమ్మి డబ్బు తెచ్చారు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. శ్రీధరన్ మొత్తం మార్గాన్ని ఏడు ముక్కలు చేశారు: మహాడ్, రత్నగిరి ఉత్తరం, రత్నగిరి దక్షిణం, కుడాల్, పణజి, కార్వార్, ఉడుపి. ఒక్కోటి దాదాపు 100 కిలోమీటర్లు, ఒక్కోదానికి ఒక చీఫ్ ఇంజనీరు, ఆ వంద కిలోమీటర్లకి ఆయనే దొర. తనకి దొరికిన అధికారాన్ని తన దగ్గరే దాచుకోకుండా ఏడుగురికి పంచారు. ఆయన్ని ఒంటరి వీరుడిగా చూపించేవాళ్లు ఈ ఏడుగురి ఊసే ఎత్తరు.

కొంకణ్ రైల్వే లెక్కలు ఇప్పటికీ చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. 90కి పైగా సొరంగాలు, వాటిలో కరబుడె ఒక్కటే ఆరున్నర కిలోమీటర్లు. పన్వల్ నది మీద 64 మీటర్ల ఎత్తున వంతెన. రాయి తొలిచే చోట పని సాఫీగా సాగింది. మెత్తమట్టి తగిలిన చోట తవ్వినకొద్దీ కూలింది. ఆ మెత్తమట్టి సొరంగాల్లోనే 19 మంది చనిపోయారు. మొదట అనుకున్న గడువు కొన్నేళ్లు దాటి, 1998 జనవరి 26న మొత్తం లైను తెరిచారు. కాబట్టి ‘ఒక్క గడువూ తప్పని మనిషి’ అన్నమాట నిజం కాదు. బాండ్ల వడ్డీ ఆ కార్పొరేషన్‌ని చాలాకాలం పీడించింది. గోవాలో రైలు మార్గం ఎటు వెళ్లాలన్న దాని మీద పెద్ద ఆందోళన నడిచింది. ఇవన్నీ చెప్పినా ఆయన స్థాయి ఇసుమంత తగ్గదు. మెత్తమట్టి ఎవరి మాటా వినదు.

కొంకణ్ పని చివరికొస్తుండగానే, 1997 చివర్లో, ఢిల్లీ మెట్రో పగ్గాలు ఇచ్చారు. అప్పటికి ఆయనకి 65. నిర్మాణం 1998 అక్టోబరులో మొదలైంది. 2002 డిసెంబరులో షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా మొదటి రైలు నడిచింది. 65 కిలోమీటర్ల మొదటి దశ 2006 చివరికల్లా పూర్తయింది. కలకత్తా అంకెలు పైన చెప్పాను, పక్కపక్కన పెట్టి చూడండి.

తేడా ఎక్కడుంది? కేంద్రానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ చెరి సగం వాటా ఉన్న కంపెనీ. ఏ ఒక్కరిదీ పైచెయ్యి కాదు. జపాన్ నుంచి దీర్ఘకాలిక రుణం, అంటే డబ్బు ముందే ఖాయమైంది. ఢిల్లీలోని రకరకాల శాఖల అనుమతులకి చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన ఒక కమిటీ. అక్కడ తేలకపోతే కేబినెట్ సెక్రటరీ కమిటీ. అక్కడా తేలకపోతే మంత్రుల బృందం. ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగిందో దాయడానికి వీల్లేదు. మనుషుల్ని ఎంచుకోవడం, టెండర్లు ఖరారు చెయ్యడం కంపెనీ చేతిలోనే ఉంది. సైట్లలో, ఆఫీసుల్లో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపించే బోర్డులు పెట్టారు. వాటిని అందరూ ఫొటోలు తీశారు. కానీ బోర్డు పెట్టడం ఎవరైనా చెయ్యగలరు. గడువు దాటితే ఎవర్ని అడగాలో తెలియడం ముఖ్యం. అక్కడ తెలుసు.

ఇంకోటి, బిల్లులు. ఢిల్లీ మెట్రోలో కాంట్రాక్టరు బిల్లు పెడితే ఎక్కువ భాగం వెంటనే చెల్లించి, మిగతాది సరిచూసుకున్నాక ఇచ్చేవారు. ఈ వ్యాసంలో ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇదే ప్రాణం. కొన్నేళ్ల కిందట ఒక కాలువ మీద వంతెన పనికి నేను సైట్ ఇంజనీరుగా ఉన్నాను. పియర్లు (వంతెన స్తంభాలు) లేచాయి, స్లాబుకి సెంట్రింగ్ కట్టాం. ఎంబుక్ (పని కొలతల పుస్తకం) రాసి, అప్పటిదాకా అయిన పనికి రన్నింగ్ బిల్లు పెట్టాం. బిల్లు ఒక ఆఫీసులో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో రాతపూర్వకంగా చెప్పినవాడు లేడు. అద్దె సెంట్రింగ్ సామాను నెలల తరబడి ఎండకి ఎండి వానకి తడిసింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీలు కూలి కోసం చూసి చూసి, ఇళ్లకి వెళ్లిపోయారు. తర్వాత వేరేవాళ్లతో ఆ స్లాబు పోయించాం గానీ, అప్పటికి ఆ ఊరి పిల్లలు రెండు వానాకాలాలు చుట్టు తిరిగి బడికి వెళ్లారు. ఆ పనిలో ఉన్న ఇంజనీర్లలో తెలివి తక్కువవాడు గానీ, లంచగొండి గానీ నాకు కనపడలేదు. అందరూ పై సంతకం కోసం ఎదురుచూశారు. అందుకే ‘నిజాయితీపరుడు దొరికితే చాలు’ అనేమాట నాకు ఎక్కదు.

దీనికి ఎదురుగా ఒక వాదన వస్తుంది, దాన్ని కొట్టిపారెయ్యను. ఒక మనిషికి అంత అధికారం ఇస్తే నియంత అవుతాడు కదా అంటారు. ఢిల్లీలో ఆయన కోరిందల్లా జరగలేదు. పట్టాల వెడల్పు సంగతే చూడండి. ప్రపంచంలో చాలా మెట్రోలకి వాడే స్టాండర్డ్ గేజ్ కావాలని ఆయన వాదించారు. రైల్వే వాళ్లు బ్రాడ్ గేజే ఉండాలన్నారు. ఆయన ఓడిపోయారు, మొదటి లైన్లు బ్రాడ్ గేజ్‌లోనే కట్టి చూపించారు. తర్వాతి లైన్లకి స్టాండర్డ్ గేజ్ వచ్చింది. పై నిర్ణయం ప్రభుత్వానిది, దాన్ని అమలు చేసే పద్ధతి ఇంజనీరుది. ఈ గీత ఆయన దాటలేదు. అటువైపు నుంచి కూడా ఎవర్నీ దాటనివ్వలేదు.

అధికారంతోపాటు జవాబుదారీ కూడా ఆయనే మోశారు. 2009 జులై 12న దక్షిణ ఢిల్లీలోని జమ్రుద్‌పూర్ దగ్గర కడుతున్న వంతెన కూలి ఆరుగురు చనిపోయారు. ఆరోజే నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఒప్పుకోకపోవడంతో మర్నాడు వెనక్కి తీసుకున్నారు. రాజీనామాతో పోయిన ప్రాణాలు తిరిగిరావు. గడువుల ఒత్తిడిలో కూలీల భద్రత ఎంత నలిగిందన్న ప్రశ్న ఢిల్లీ మెట్రోని పొగిడేవాళ్లంతా వేసుకోవాలి, నాతో సహా. అయినా మన దగ్గర వంతెన కూలితే సస్పెండయ్యేది అసిస్టెంట్ ఇంజనీరు. అన్నిటికన్నా పై కుర్చీలో ఉన్నవాడు ముందు లేచి నిలబడటం నేను ఇంకోసారి చూడలేదు.

ప్రైవేటు భాగస్వామ్యం మీద ఆయన పట్టుదల కొంచెం అతి అని అప్పట్లో అన్నవాళ్లున్నారు. ఆయన చెప్పింది సూటిగానే ఉంది. మెట్రో టికెట్ల మీద పెట్టుబడి తిరిగిరాదు, ప్రపంచంలో దాదాపు ఎక్కడా రాలేదు. లాభం కావాల్సిన కంపెనీ టికెట్టు ధర పెంచాలి, లేదా భూమి అమ్ముకోవాలి. రెండూ జనానికి నష్టమే. ఢిల్లీ ఎయిర్‌పోర్టు లైనుని ప్రైవేటు కంపెనీ 2011లో మొదలుపెట్టి 2013లో వదిలేసింది. చివరికి ఢిల్లీ మెట్రోయే నడుపుకుంటోంది. ఆ ఒప్పందం మీద కోర్టు తగాదా సుప్రీంకోర్టులో 2024 దాకా సాగింది. హైదరాబాద్‌లో మేటాస్ తర్వాత 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. 2017 నవంబరులో మొదటి రైలు, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు. పని నాణ్యంగా ఉంది, ఆ రైలు ఎక్కితే నాకు సంతోషంగానే ఉంటుంది. కానీ లెక్క కుదరలేదు. 2025 సెప్టెంబరులో మొదటి దశని సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా తెలంగాణ ప్రభుత్వమే తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది. ఆ మధ్యలో కోవిడ్ వచ్చి ప్రయాణికులు పడిపోయారు నిజమే. ఆ దెబ్బ లేకపోయినా 17 ఏళ్ల కిందటి ఉత్తరంలో ఉన్న ప్రశ్న అలాగే ఉండేది: ఇంత పెట్టుబడిని టికెట్లు మొయ్యగలవా?

2021లో ఆయన రాజకీయాల్లోకి రావడం నాకు నచ్చలేదు. 88 ఏళ్ల వయసులో బీజేపీలో చేరి పాలక్కాడ్‌లో పోటీ చేసి 3,859 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఏడాది తిరక్కుండానే క్రియాశీల రాజకీయాలు చాలన్నారు. ఏ పార్టీ మీదా కోపంతో ఈమాట అనడం లేదు. పార్టీలకి లొంగకుండా ప్రజల పని చెయ్యవచ్చని జీవితమంతా చూపించిన మనిషికి పార్టీ టికెట్టు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌కీ ఆయన వచ్చారు. 2014లో విజయవాడ, విశాఖ మెట్రోలకి సలహాదారుగా నియమించారు. విజయవాడకి ఢిల్లీ మెట్రో సంస్థ డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) ఇచ్చింది. తర్వాత లైట్ మెట్రో అన్నారు, కేంద్రం 2017లో మెట్రో విధానం మార్చి ప్రైవేటు భాగస్వామ్యం ఉండాలంది, ప్రభుత్వాలు మారాయి. రెండు ఊళ్లలోనూ ఒక్క పియరు లేవలేదు. 2025లో మళ్లీ టెండర్లు పిలిచారు. పత్రికల్లో ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని స్టేషన్లు, ఎన్ని వేల కోట్లు అన్నవే వస్తున్నాయి. మ్యాపుల్లో ఎవరి ఇంటి పక్కన స్టేషను పడుతుందో చూసుకుంటున్నాం.

నేను అడిగేవి వేరు. ఆ సంస్థ ఎండీని ఎన్నేళ్లకి నియమిస్తారు, ప్రభుత్వం మారినా ఆయన ఉంటారా? టెండరు ఖరారు చేసే అధికారం కంపెనీ బోర్డుదా, సచివాలయానిదా? కాంట్రాక్టరు బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లించాలో, ఆలస్యమైతే ఎవరు బాధ్యులో కాగితం మీద ఉందా? స్టేషన్ల చుట్టూ ఉన్న ప్రభుత్వ భూముల్లో ఏది ఎవరికి, ఎన్నేళ్లకి, ఏ ధరకి ఇస్తారో ముందే బయటపెడతారా? విజయవాడలో, విశాఖలో ఉన్న ఇంజనీర్ల సంఘాలు, పాత విద్యార్థుల సంఘాలు శ్రీధరన్ పేరు మీద సభ పెట్టేటప్పుడు వేదిక మీదున్న మంత్రిని ఈ నాలుగూ అడగాలి. మా కాకినాడ సంఘాన్ని నేను ఇప్పటికే కోరాను.